పదహారు కేబుళ్ల సర్వరాయుడు

సర్వరాయుడు టీ గ్లాసు పక్కన పెట్టాడంటే కథ మొదలైనట్టే. టీ చల్లారిపోతుంది, పైన మీగడ కడుతుంది, ఈగ వచ్చి అంచు మీద కూర్చుంటుంది, ఆయనకేమీ పట్టదు. ఆసుపత్రి వెనక గేటు ఎదురుగా టీకొట్టు నడిపే పిన్నికి ఈ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది గనక, ఆయనకి పోసేటప్పుడు చెయ్యి కాస్త బిగబట్టి తక్కువే పోస్తుంది.

ఆయన అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. ఆసుపత్రిలో సర్వర్ చూసుకునే మనిషి కాబట్టి ఎవరో సరదాకి సర్వరాయుడు అన్నారు, ఆయనకది అతికిపోయింది. పొడుగు మనిషి, మంచి గొంతు, చేతులు మహా విశాలం. ఏ సంగతి చెప్పినా ముందు చేతులు చాపి దాని సైజు చూపించి తర్వాత నోరు విప్పుతాడు.

బెంచీ చివర ఒక పక్కకి ఒరిగి కూర్చున్నవాడు ఆయన బావమరిది. చొక్కా జేబులో టెస్టరు, చేతి వేళ్లకి నల్ల టేపు జిగురు, అదే ఆసుపత్రిలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియను. ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నా పై అంతస్తులో సగం మందికి వాడి గొంతు ఎలా ఉంటుందో తెలియదు. ఆ గురువారం పొద్దున పదకొండు గంటల టీకి వాడు కూడా గ్లాసు ముట్టలేదు. కారణం ఎదురు బెంచీ మీద ఉంది.

ఎదురు బెంచీ మీద ఆసుపత్రి పెద్ద గుమాస్తా కూర్చుని ఉన్నాడు. ఆయన నవ్వగా చూశామని చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. ఎవరేం చెప్పినా మధ్యలో ఆపి "ఎన్ని?" అని అడుగుతాడు, అంతే. ఒళ్లో అట్ట, అట్ట మీద రెండు కాగితాలు. ఒకటి కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ల జాబితా. ఉన్నవాళ్లు ఆరుగురు, వచ్చే నెల నుంచి ఐదుగురు చాలని పైనుంచి మాటొచ్చింది. పేరు ఎదురుగా 'విశేష సేవ' అని ఒక గడి ఉంది, అందులో ఐదుగురికి ఏదో ఒకటి రాసి ఉంది, బావమరిది గడి ఒక్కటే ఖాళీ. రెండో కాగితం మంగళవారం స్కానింగు గది దగ్గర జరిగినదాని గురించి సూపరింటెండెంటు గారికి ఇవ్వాల్సిన అరఠావు. అదీ ఖాళీయే. రెండూ మధ్యాహ్నం భోజనాల లోపల పైకి వెళ్లాలి.

ఈ సంగతి ముందురోజే ఇంట్లో తేలింది. బావమరిది అక్క తన మొగుణ్ణి కూర్చోబెట్టి, "వాడు అడగడు, వాడి నోరు అంతే. మీరే గుమాస్తాగారితో ఒక్క మాట చెప్పండి" అంది. బావ చెయ్యి ఇంత చాపి, "నాకు వదిలెయ్" అన్నాడు. బావ అలా అన్నప్పుడు అక్క నమ్ముతుంది. బావమరిదికి మాత్రం ఒక దిగులు. బావ కథలు వాడు ఎనిమిదేళ్లుగా వింటున్నాడు. ఆ కథల్లో సర్వర్లు ఉంటాయి, పిడుగులుంటాయి, సూపరింటెండెంట్లు ముక్కు మీద వేలేసుకుంటారు, కానీ మనిషి మాత్రం ఒక్కడే ఉంటాడు.

"గుమాస్తాగారూ, మీరెలాగూ మంగళవారం సంగతి రాయాలి కదా," అన్నాడు రాయుడు, గ్లాసు పక్కన పెడుతూ. "ముందు నుంచీ చెబితేగానీ మీకర్థం కాదు."

"ముందు నుంచీ అంటే ఎంత ముందు?" అన్నాడు గుమాస్తా.

"మరీ సృష్టి నుంచి కాదు లెండి. రెండు కార్డుల నుంచి."

అంబులెన్సు డ్రైవరు బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని సర్దుకు కూర్చున్నాడు. వాడికి రాయుడి కథంటే బన్ను ముక్క కన్నా ఇష్టం. కొట్టు మెట్టు మీద కూర్చున్న ఆయమ్మ మాత్రం మంగళవారం అనగానే తల దించుకుని గ్లాసులోకి చూసింది. వార్డుల్లో నేల తుడిచే యంత్రం తిప్పేది ఆవిడే. ఆవిడ మొహం చూసి బావమరిది కూడా తల దించుకున్నాడు. మంగళవారం అక్కడున్నది వాళ్లిద్దరే.

"సర్వర్ అంటే ఏమిటనుకున్నారు?" మొదలెట్టాడు రాయుడు. "స్కానింగులో తీసిన బొమ్మలన్నీ దాచిపెట్టుకున్న బీరువా. దాని వెనకాల ఒక కార్డు, ఆ కార్డుకి ఒక కేబుల్. పైన మూడంతస్తుల్లో డాక్టర్లందరూ ఆ ఒక్క కేబుల్లోంచే లాక్కోవాలి. సినిమా వదిలాక జనమంతా ఒక్క గేటులోంచి బయటపడ్డట్టు. ఒక తలకాయ బొమ్మ పైకి వెళ్లడానికి నలభై నిమిషాలు. స్కానింగు డాక్టరమ్మ రోజూ ఫోనులో నన్ను తిట్టేది. ఆవిడ తిట్టు మాత్రం వెంటనే వచ్చేది, దానికి కేబుల్ అక్కర్లేదు. అప్పుడు నేనేం చేశాను? రెండో కార్డు పెట్టాను."

"అంతేనా?" అన్నాడు డ్రైవరు.

"అంతేనా అంటావేంట్రా. రెండు కార్డులు ఊరికే పెడితే తోడికోడళ్లలాగ ఎవరి వంట వాళ్లు చేసుకుంటాయి. ఆ రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టి, అమ్మా, ఇవాళ్టి నుంచి మీరిద్దరూ ఒకటే, మీకు ఒకటే పేరు, ఒకటే చిరునామా, బరువు చెరిసగం, ఒకదానికి ఒంట్లో బాగోకపోతే రెండోది పూర్తిగా మొయ్యాలి, అని నచ్చజెప్పాలి. అదీ విద్య. నచ్చజెప్పాను. నలభై నిమిషాల బొమ్మ ఇరవైలో వెళ్లింది. డాక్టరమ్మ ఆ రోజు ఫోను చేసి తిట్టకుండా ఊరుకుంది, నాకే భయమేసింది."

ఇంతవరకూ ప్రతి ముక్కా నిజం. బావమరిదికి తెలుసు, ఎందుకంటే ఆ ఆదివారం సర్వర్ గదిలో లైటు పట్టుకుని నిలబడింది వాడే. బావ నేల మీద బోర్లా పడుకుని, చొక్కా అంతా దుమ్ము చేసుకుని, నాలుగు గంటలు ఒక్క మాట మాట్లాడకుండా పనిచేశాడు. మాట్లాడని బావ ఎంత పనిమంతుడో అప్పుడు చూశాడు వాడు. నిజానికి వాడికి ఆ బావంటే గౌరవం. ఇప్పుడు చెబుతాడు నా సంగతి అనుకుని కాస్త ముందుకు జరిగాడు.

"పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నాడు గుమాస్తా.

"ఉన్నాడు లెండి ఒకడు, లైటు పట్టుకోడానికి," అని చెయ్యి విదిలించి రాయుడు ముందుకి సాగిపోయాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండుకే ఇలా ఉంటే నాలుగుకి ఎలా ఉంటుంది అనిపించింది. నాలుగు కార్డులు గుచ్చాను. బొమ్మ నాలుగు నిమిషాల్లో వెళ్లింది. ఎనిమిది గుచ్చాను. మనిషి స్కానింగు బల్ల మీంచి దిగి చెప్పులేసుకునేలోపల పైన డాక్టరు బొమ్మ చూసి మందు రాసేశాడు. ఆ కాగితం తీసుకుని లిఫ్టులో దిగినవాడు, మనిషింకా రెండో చెప్పు వెతుక్కుంటూ ఉంటే, చేతిలో పెట్టాడు."

"రెండో చెప్పు దొరికిందా?" అన్నాడు డ్రైవరు.

"అది నా డిపార్టుమెంటు కాదు. విను. పదహారు గుచ్చాను."

గుమాస్తా పెన్ను తీసి, "పదహారు?" అన్నాడు.

"పదహారండీ. సర్వర్ వెనక్కి వెళ్లి చూస్తే పెట్టె కనబడదు, కేబుళ్లే. జడ వేసినట్టు వేశాను. పదహారూ ఒకేసారి లాగేసరికి సర్వర్ నేల మీద నిలవడం లేదు, ముందుకి జరిగిపోతోంది. నాలుగు పక్కలా ఇటుకలు పెట్టి ఆపాను. అప్పుడు మొదలైంది అసలు ఇబ్బంది. బొమ్మ తీయకముందే పైకి వెళ్లిపోతోంది."

పిన్ని స్టవ్వు తగ్గించి ఇటు తిరిగింది. "తీయకముందే ఎలా వెళుతుందయ్యా?"

"వేగం పిన్నీ, వేగం. ఒకరోజు డాక్టరమ్మ ఫోను చేసి, రాయుడు గారూ, కాలు విరిగిన బొమ్మ ఒకటి వచ్చింది, మనిషేడీ అంది. నేను రిజిస్టరు చూశాను, మనిషి లేడు. వార్డులన్నీ వెతికాను, లేడు. చివరికి చూస్తే ఆ మనిషి గేటు దగ్గర ఎవరికో పళ్లు తీసుకుని నడిచొస్తున్నాడు, రెండు కాళ్లూ శుభ్రంగా ఉన్నాయి. ఇంకా విరగలేదు. నేను పరిగెత్తుకెళ్లి, బాబూ, అక్కడే ఆగు, ఆ మెట్టు ఎక్కకు అన్నాను. మంచం తెప్పించి అక్కడికక్కడే పడుకోబెట్టి సాయంత్రం దాకా కదలనివ్వలేదు. కాలు దక్కింది. ఆ బొమ్మ మాత్రం వెనక్కి పంపాల్సొచ్చింది."

డ్రైవరు బన్ను నమలడం మానేశాడు. "వెనక్కి ఎలా పంపారు?"

"నెమ్మదిగా. రెండు కార్డులు పీకేశాను."

బెంచీ అంతా నవ్వింది. బావమరిది కూడా నవ్వాడు, ఆపుకోలేకపోయాడు. బావ చెబుతుంటే నవ్వకుండా ఉండటం ఎవరి తరం. నవ్వాక మళ్లీ గుర్తొచ్చి గుమాస్తా ఒళ్లోని అట్ట వైపు చూశాడు. మొదటి కాగితం మీద తన గడి తెల్లగా అలాగే ఉంది. పిల్లల స్కూలు గుర్తొచ్చింది, ఇంటావిడ పొద్దున అడిగీ అడగనట్టు అడిగిన మాట గుర్తొచ్చింది. బావా, ఒక్క మాట, అనుకున్నాడు లోపల.

"వేగం సంగతి అలా ఉంచండి," అన్నాడు రాయుడు, గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గిస్తే అవతల పెద్దది వస్తోందని అర్థం. "తెగితే ఏమిటి అన్నారు సూపరింటెండెంటు గారు. ఆపరేషను జరుగుతూ ఉండగా కేబుల్ తెగితే ఎవరిది పూచీ అన్నారు. నేను మాట్లాడలేదు. ఆపరేషను గది నుంచి కత్తెర తెప్పించి ఆయన చేతికే ఇచ్చాను. కొయ్యండి అన్నాను. ఆయన ఒకటి కోశారు. పైన బొమ్మలు వస్తూనే ఉన్నాయి. రెండోది కోశారు. వస్తూనే ఉన్నాయి. ఆయనకి పట్టుదల వచ్చింది. కోటు విప్పి కుర్చీ మీద వేసి కోయడం మొదలెట్టారు. పది. పన్నెండు. పదిహేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పదహారోది వదిలేశారు," అన్నాడు డ్రైవరు ఆశగా.

"అదీ కోశారు. పదహారూ తెగి నేల మీద పడ్డాయి. బొమ్మలు వస్తూనే ఉన్నాయి."

"ఎలా వస్తాయండీ?" అన్నాడు గుమాస్తా. ఆయన మొహంలో ఏమీ లేదు గానీ పెన్ను మాత్రం ఆగిపోయింది.

"నేనూ అదే ఆలోచించాను. కూర్చుని ఆలోచిస్తే తేలింది. తెగిపోయామన్న కబురు సర్వర్‌కి చేరాలంటే ఏ దారిన చేరాలి? ఆ కేబుల్ దారినే కదా. అది తెగిపోయింది. ఇంక కబురు ఎలా చేరుతుంది? పాపం దానికి తెలియలేదు. తెలియక మూడు రోజులు పనిచేసింది. మేము కూడా దాని ఎదురుగా ఆ మాట ఎత్తకుండా జాగ్రత్తపడ్డాం."

పిన్ని నవ్వుకి చేతిలో గిన్నె ఒలికింది. దారిన పోయే ఇద్దరు ఆగి నిలబడ్డారు. రాయుడు వాళ్లని చూసి చేతులు ఇంకా కాస్త చాపాడు. ఇప్పుడింక ఆయన్ని ఆపడం ఆయన వల్ల కూడా కాదు. బావమరిదికి ఇది బాగా తెలుసు. ఎక్కే మెట్లన్నీ ఎక్కేశాడు, మిగిలింది మంగళవారమే. అందులో కూడా తను లేకపోతే ఇంక ఎక్కడా లేడు.

"మంగళవారం," అన్నాడు రాయుడు.

ఆయమ్మ గ్లాసు కింద పెట్టింది.

"పొద్దున పది. పైన ఆపరేషను బల్ల మీద ఒక మనిషి. తలకి దెబ్బ. పెద్ద డాక్టరు కత్తి పట్టుకుని నిలబడి తెర మీద బొమ్మ చూస్తూ కోస్తున్నాడు. బొమ్మ ఆగితే చెయ్యి ఆగాలి. సరిగ్గా అప్పుడు, కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టె ఒకటుంటుంది వరండా గూట్లో, దాన్ని మేము స్విచ్చి అంటాం, వేసేదీ తీసేదీ ఏమీ ఉండదు గానీ పేరది, ఆ పెట్టె ఆరిపోయింది. దాని మీద దీపాలన్నీ టప్పున పోయాయి. ఆసుపత్రి అంతా ఊపిరి బిగబట్టింది. నేనేం చేశాను?"

"ఏం చేశారు?" అన్నారు నలుగురూ ఒకేసారి.

"సర్వర్ వైపు కేబుల్ కొస ఈ చేత్తో పట్టుకున్నాను, పైకి వెళ్లే కేబుల్ కొస ఈ చేత్తో పట్టుకున్నాను. మధ్యలో నేను. బొమ్మ నా ఒంట్లోంచి వెళ్లింది. ఎడం చేతిలో ఎక్కి, ఇలా భుజాల మీంచి, కుడి చేతిలో దిగింది. తలకాయ బొమ్మ కదా, బరువు. మోచేతి దగ్గర కాస్త ఇరుక్కుంది, ఇలా విదిలించాను, వెళ్లిపోయింది. పదకొండు నిమిషాలు. మధ్యలో ఒక్కసారి తుమ్మొచ్చింది, అందుకే ఆ బొమ్మలో చెవి దగ్గర కాస్త మసక. పెద్ద డాక్టరు తర్వాత కిందికొచ్చి, రాయుడు గారూ, బొమ్మ బాగుంది గానీ కొంచెం వేడిగా ఉంది అన్నారు. మనిషి బతికాడు. నిన్న లేచి కూర్చుని మజ్జిగ తాగాడు. రాసుకోండి గుమాస్తాగారూ. ఒంటరిగా, రెండు చేతుల్తో."

ముందు చప్పట్లు కొట్టింది డ్రైవరే గానీ ఆ దారిన పోయేవాళ్లు కూడా కొట్టారు. రాయుడు వెనక్కి వాలి, మొహమంతా వెలుగుతూ, ఆ చప్పట్లు పూర్తయ్యేదాకా కళ్లు మూసుకున్నాడు. బావమరిది లేచి నిలబడ్డాడు. ఇంక కూర్చుని లాభం లేదనిపించింది. కోపం కూడా రాలేదు వాడికి. టెస్టరు జేబులో సర్దుకుని గేటు వైపు రెండడుగులు వేశాడు.

"ఒంటరిగా అంటావేమయ్యా," అంది ఆయమ్మ.

ఆవిడ గట్టిగా అనలేదు. కానీ ఆవిడ ఎప్పుడూ మాట్లాడని మనిషి కాబట్టి అందరూ తిరిగారు.

"ఆ పెట్టె ఆరిపోలేదు, నేను ఆర్పాను," అంది. "వరండాలో ఆ ప్లగ్గు తొమ్మిదేళ్లుగా నాది. నా యంత్రం అక్కడే పెడతాను. మీ పెట్టె నిన్నమొన్న వచ్చింది. మంగళవారం నా ప్లగ్గులో ఇంకెవరిదో ఉంటే పీకి నాది పెట్టుకున్నాను. పీకాక పెట్టె మీద దీపాలు పోయాయి. నా కాళ్లు చేతులు ఆడలేదు. వైరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పుడు వచ్చింది ఈ బాబు. నన్నొక్క మాట అనలేదు. డాక్టరమ్మకి ఫోను చేసి, బొమ్మలు వస్తున్నాయా అమ్మా అన్నాడు. వస్తున్నాయి, కాస్త నెమ్మదిగా ఉన్నాయి, ఎందుకూ అందావిడ. ఏం లేదమ్మా అని పెట్టేసి, నా చేతిలో వైరు తీసుకుని తిరిగి గుచ్చాడు. సాయంత్రం నాకు వేరే ప్లగ్గు కూడా పెట్టాడు."

స్టవ్వు మీద పాలు పొంగబోతుంటే పిన్ని చూడకుండానే దించేసింది.

"ఆగకుండా ఎలా వచ్చాయి మరి?" అన్నాడు గుమాస్తా. "పెట్టె ఆరిపోయింది కదా."

ఆయమ్మ బావమరిది వైపు చూసింది. వాడు గేటు దగ్గర, ముందుకీ వెనక్కీ కాకుండా నిలబడ్డాడు.

"రెండో కేబుల్ అందులో లేదండీ," అన్నాడు వాడు నేల చూస్తూ. "ముందు రెండూ ఆ పెట్టెలోనే ఉండేవి. రెండు కేబుళ్లు ఉన్నా పెట్టె ఒకటే, దాని ప్లగ్గు ఒకటే. అది పోతే రెండూ పోతాయి. స్టోరు గదిలో ఇంకో పెట్టె ఉంది, బ్యాటరీ లైను మీద, పైకి దాని దారి దానికుంది. అందుకని రెండో కేబుల్ అందులో పెట్టాను."

"ఎవరు పెట్టమన్నారు?"

వాడు జేబులో టెస్టరు సర్దుకున్నాడు. బావ వైపు మాత్రం చూడలేదు.

రాయుడు మొహంలో వెలుగు మెల్లిగా దిగిపోయింది. చాపిన చేతులు ఒళ్లోకి వచ్చాయి. ఇప్పుడు బావ ఏదో ఒకటి అల్లేస్తాడు, నేనే పెట్టమన్నాను అంటాడు, అందరూ నమ్మేస్తారు, అనుకున్నాడు బావమరిది. రాయుడు గ్లాసు తీసి, అందులో మీగడ చూసి, మళ్లీ పెట్టాడు.

"నిజం చెప్పమంటారా గుమాస్తాగారూ?"

"ఇప్పటిదాకా చెప్పిందేమిటి?" అన్నాడు డ్రైవరు.

"నువ్వుండు." రాయుడి గొంతు మారింది. చేతులు లేకుండా మాట్లాడుతున్నాడు. "మొన్న శుక్రవారం ఇదే బెంచీ మీద కూర్చుని పదహారు కార్డుల సంగతి చెబుతున్నాను. నువ్వూ ఉన్నావు. వీడు వచ్చి నా చెవి దగ్గర వంగి, బావా, రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి, ఒకటి స్టోరు గది పెట్టెలోకి మార్చనా అన్నాడు. నేను కథ తెగిపోతుందని, పెట్టుకో పో అన్నాను. ఏం అడిగాడో కూడా వినలేదు. ఇప్పుడు వాడు చెబుతుంటే తెలిసింది. రెండు కార్డులు కట్టిన మొనగాణ్ణి, రెండింటినీ తీసుకెళ్లి ఒకే ప్లగ్గుకి వేలాడదీశాను. వీడు చూసుకోకపోతే మంగళవారం ఆ బల్ల మీద మనిషి పోయేవాడు. మా ఇంటావిడ రాత్రి చెప్పింది, మా తమ్ముడి గురించి ఒక్క మాట చెప్పండి అని. ఇదే ఆ మాట."

బావమరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిదేళ్లలో బావ కథలో వాడు కాలు పెట్టడం ఇదే మొదలు. గుమాస్తా మొదటి కాగితం పైకి తీసి, ఖాళీ గడి మీద పెన్ను ఆనించాడు.

అది చూసేసరికి రాయుడికి ప్రాణం లేచొచ్చింది. ఒక చెయ్యి పైకి లేచింది. "వీడిని మీరు మామూలు మనిషి అనుకోకండి. స్టోరు గదిలో పెట్టె ఒకటా రెండా, ఇరవై పెట్టెలు. దుమ్ములో అన్నీ ఒకేలా ఉంటాయి. వీడు చెవి ఆనించి విని, ఏ పెట్టె ప్రాణంతో ఉందో..."

"ఇరవై," అని గుమాస్తా రాయబోయాడు.

"ఒకటేనండీ," అన్నాడు బావమరిది కంగారుగా. "ఒక్కటే పెట్టె. లేబులు కూడా ఉంది."

"ఆ పెట్టెకీ సర్వర్‌కీ మధ్య గోడ," అన్నాడు రాయుడు, రెండో చెయ్యి కూడా లేపి. "మూడడుగుల మందం. వీడు టెస్టరుతో..."

"గోడలో కన్నం ముందే ఉంది బావా. పాత ఫోను వైరుది."

"పాకుతూ వెళ్లాడా లేదా?"

"వంగాను."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. గుమాస్తా ఎవరి వంకా చూడకుండా రాసుకుపోయి, రాసినది పైకి చదివాడు. "విశేష సేవ. రెండవ కేబులును రెండవ పెట్టెలో పెట్టెను. అందువలన మంగళవారం పని ఆగలేదు."

"అంతేనా?" అన్నాడు రాయుడు, మొహం వేలాడేసుకుని. "ఆపరేషను, తలకాయ, పెద్ద డాక్టరు, అవేవీ లేవా?"

"గడి చిన్నది," అన్నాడు గుమాస్తా. "సూపరింటెండెంటు గారికి ఇది చాలు. మిగతా ఐదుగురికీ 'సకాలమునకు వచ్చును' అని ఉంది."

బావమరిది వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కడుపు చల్లగా ఉంది. రాయుడు వాడి వీపు మీద ఒక్క దెబ్బ వేసి, చెయ్యి అక్కడే ఉంచేశాడు. పిన్ని వాడి చల్లారిన గ్లాసు తీసేసి, అడగకుండానే వేడి టీ నిండా పోసి ఇచ్చింది.

గుమాస్తా అరఠావు కూడా నింపేశాడు. ఆయమ్మ గుడ్లప్పగించి చూస్తుంటే, "నేల యంత్రం నిమిత్తం ప్లగ్గు తీయబడెను. ప్రస్తుతం యంత్రమునకు వేరే ప్లగ్గు అమర్చబడినది" అని చదివాడు. ఎవరు తీశారో అందులో ఎక్కడా లేదు. ఆయమ్మ ఊపిరి వదిలింది.

"ఇంకొక్క గడి," అన్నాడు గుమాస్తా. "సంఘటన సమయమున సర్వర్ బాధ్యులు ఎక్కడ ఉండిరి. మంగళవారం పొద్దున పది."

అందరూ రాయుణ్ణి చూశారు. కొత్త బ్లాకు కట్టడం పూర్తయితే అక్కడి సర్వర్ గది కూడా తనకే వస్తుందని ఆర్నెల్ల నుంచీ చెప్పుకుంటున్నాడు ఆయన. ఆ కాగితం వెళ్లేది ఆ నిర్ణయం చేసే బల్ల మీదికే. రాయుడు ఒకసారి గేటు వైపు, ఒకసారి బావమరిది వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"టీకొట్టులో ఉన్నానని రాయండి."

గుమాస్తా రాశాడు.

"ఊరికే కూర్చున్నానని మాత్రం రాయకండి," అన్నాడు రాయుడు. రెండు చేతులూ మెల్లిగా విచ్చుకుంటున్నాయి. "ఇక్కడ కూడా పద్ధతి ప్రకారమే ఉన్నాను. నా ఎదురుగా నాలుగు గ్లాసుల టీ, నాలుగూ ఒకేసారి తాగుతున్నాను. ఒకటి ఒలికినా మిగతా మూడూ ఆగకుండా వచ్చేలాగ. రాసుకోండి, నాలుగు."

గుమాస్తా తలెత్తి, మొదటిసారిగా, పిన్ని వైపు తిరిగాడు. "ఎన్ని?"

పిన్ని గరిటె గిన్నె అంచుకి తట్టింది. "ఒకటి. అదీ సగం."